శవం వేషం

మా నాయన చేలో సినిమా తీస్తున్నారు. నవ్విస్తూ భయపెట్టే జాంబీ సినిమా. ఎండిపోయిన వేరుశనగ చేను వాళ్లకు అచ్చం శ్మశానంలా కనిపించిందట. శవాల వేషానికి మనుషులు కావాలంటే నేనూ వెళ్లాను. ముఖానికి బూడిద రంగు పూశారు. కదిరి నరసింహుణ్ణి తలుచుకుని వరసలో నిలబడ్డాను.

చేను యజమానినంటూ తమ్ముడు ఓబిలేష్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మేము కాళ్లీడుస్తూ నడుస్తుంటే, రంగులో నన్ను గుర్తుపట్టక, నా వైపు వేలు చూపించి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆ ముసిల్దాన్ని సూడప్పా, నిజంగానే గోరీలోంచి లేసొచ్చినట్టుండాది!"

అందరూ ముందుకు సాగారు. నేను మాత్రం వాడి వైపు తిరిగి, రెండు చేతులూ వాడి మెడ మీదికి చాచాను. కెమెరా నా వెంటే వచ్చింది.

"ఓబిలేషూ, మీ అక్కను రా. నేనెప్పుడు సచ్చిపోయినా?"

వాడు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.

"తప్పయిందక్కా! నీ భాగం కోసం నువ్వు సచ్చిపోయినావని నేనే రాయించినా. దగ్గరికి రావద్దక్కా!"

అందరూ పడీపడీ నవ్వి చప్పట్లు కొట్టారు. డైరెక్టర్ నాకు దండం పెట్టాడు.

"ఎంత బాగా చేశారమ్మా! మీకేం కావాలి?"

"ఇప్పుడు తీసింది నాకియ్యి నాయనా. తాసిల్దారు ఆఫీసులో నేను బతికుండానని సాక్ష్యం తెమ్మంటాండారు."