వరుసలో సంచి

బర్రెను పక్కింటి ఈరక్కకు అప్పజెప్పాలి. టమోటా కోతకు కూలీలకు చెప్పాలి. రొట్టెలు కాల్చి, శెనగ్గింజల పొడి దంచి మూట కట్టుకోవాలి. అమ్మ మోకాళ్ల మాత్రలు మరవకూడదు. విశాఖలో ఉద్యోగ పరీక్ష బాగా రాయాలి. అన్నిటికన్నా ముఖ్యం, అమ్మకు సముద్రం చూపించాలి.

చివరిది తప్ప అన్నీ అయిపోయాయి. రాత్రికే తిరుగు రైలు.

పత్తికొండ పక్క పల్లె నుంచి వచ్చిన నాగలత, ఆ సాయంత్రం తల్లి మద్దమ్మను నగరం బయట సముద్రపు ఒడ్డు పార్కుకు తీసుకొచ్చింది.

గేటు నుంచి ఒడ్డుకు సరుగుడు తోపులో చాలా దూరం నడవాలి. నడవలేనివాళ్లకు బ్యాటరీ బండి ఉంది. ఆ రోజుకు ఒడ్డుకు వెళ్లే చివరి బండి అదే అన్నాడు డ్రైవరు.

మద్దమ్మ ఆశ ఈనాటిది కాదు. పెళ్లయినప్పటి నుంచి నీళ్లు మోసిన మనిషి ఆమె. "ఎవరూ మొయ్యే పని లేని నీళ్లు ఒక్కసారి చూడాల" అంటూ ఉండేది.

ఇద్దరూ వరుసలో నిలబడ్డారు. వాళ్లకు సరిగ్గా ముందున్న చోట మనిషి లేదు. ఒక గుడ్డసంచి ఉంది.

నాగలత దాన్ని పక్కకు తీయబోయింది.

"ముట్టుకోవద్దు మే. ట్యాంకరు కాడ కడవ పెడితే మనిషి నిలబడినట్టే గదా. ఇదీ అంతే" అంది మద్దమ్మ.

"ఇది మనూరు కాదు అమ్మా. ఈడ సంచులకు సీట్లియ్యరు."

వెనకవాళ్లు నవ్వారు. నాగలతకు సిగ్గేసింది. సంచిని తీసి గట్టు మీద పెట్టేసింది.

బండి నిండుతూ వచ్చి, ఒక్క సీటు మిగిలింది. నాగలత ఎలాగైనా నడిచి రాగలదు. అమ్మ నడవలేదు.

అప్పుడే చెట్టు నీడలోంచి ఒక పెద్దామె కుంటుకుంటూ వచ్చింది. తెల్లచీర, కొంగుకు పొయ్యి మసి. గట్టు మీది సంచిని చూసింది, వరుసను చూసింది.

నాగలత వాదించడానికి మాటలు వెతుక్కుంటూ ఉంటే, మద్దమ్మే ముందు నోరు తెరిచింది.

"సంచి నీదేనా చెల్లీ? సీటూ నీదే. ఎక్కు."

ఆమె మద్దమ్మ మోకాళ్ల వైపు చూసింది. "సముద్రం చూసేది ఇదే మొదలా అక్కా?"

"అవునమ్మా. మళ్లా ఎప్పుడొస్తామో."

"అట్లయితే నువ్వే పో. నా కొడుకు ఈడనే తోటపని చేస్తాడు. నేను దినామూ చూస్తాండా. సంచి ఊరికే పెట్టినాలే, మన పక్క అలవాటు పోదు గదా."

పేరడిగితే విశ్వాసమ్మ అని చెప్పింది. రెక్క పట్టి మద్దమ్మను బండి కూడా ఎక్కించింది.

నాగలత మనసు తేలికపడింది. రోజూ చూసే మనిషికి ఒక్కరోజు చూడకపోతే ఏమవుతుందిలే అనుకుంటూ బండి వెనకాలే గబగబా నడిచింది.

ఒడ్డున మద్దమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి నీళ్లలో నిలబడింది. దోసెడు నోట్లో పోసుకుని, థూ అని ఉమ్మేసింది.

"ఇన్ని నీళ్లు పెట్టుకోని ఒక్క గుక్క తాగనియ్యదు. శానా పిసినారిది ఈయమ్మ."

తల్లి అంతగా నవ్వడం నాగలత ఎప్పుడూ చూడలేదు.

వెళ్లేముందు మద్దమ్మ గవ్వలు ఏరి కొంగున ముడేసుకుంది. విశ్వాసమ్మకు ఇవ్వాలంది. రోజూ సముద్రం చూసే ఆమెకు గవ్వలెందుకని నాగలత ఎగతాళి చేసినా వినలేదు.

అదే బండిలో తల్లిని ఎక్కించుకుని తిరిగి వచ్చేసరికి చెట్టు కింద ఎవరూ లేరు.

చెట్టు కింది తెల్లచీర ఆమె, తోటపని చేసే అబ్బాయి వాళ్లమ్మ, ఎటు పోయిందని నాగలత వాచ్‌మన్‌ను అడిగింది.

"అలాంటి వాళ్లెవరూ లేరండి. మీరడిగేది వంటామెనేమో. ఆదోని నుంచి చర్చి బస్సులో వచ్చారు. ఇప్పుడే వెళ్లిపోయారు."

పొద్దున్నే బస్సు దిగినవాళ్లంతా ఒడ్డుకు వెళ్లారట. ఆమె మాత్రం ఇక్కడే అందరికీ వండి, వడ్డించి, గిన్నెలు తోమి, సామాన్లకు కాపలా కూర్చుందట. తనకూ ఇంత అన్నం పెట్టిందని వాచ్‌మన్ చెప్పాడు. పని ముగిశాక చివరి బండి కోసం వరుసలో సంచి పెట్టుకుందట.

మీరు ఎప్పుడైనా సముద్రంలో కాళ్లు తడుపుకుంటే, అంత దూరం వచ్చి కూడా దాన్ని చూడకుండానే బస్సెక్కిన విశ్వాసమ్మను ఒక్కసారి తలచుకోండి.