సగం ధర సీసాలు

బిందూ,

మద్యనిషేధం వస్తే మీ నాయిన తాగుడు మానేస్తాడని రాశావు. తప్పు. రేపు నిషేధమనగా శామీర్‌పేట దుకాణంలో బీరు సగం ధరకే అమ్మేశారు. మీ నాయిన ఆటో నిండా తెచ్చి మంచం కింద పేర్చాడు.

"లివరు ఖరాబైందని డాక్టరు చెప్పలేదారా కొడకా?" అన్నాను.

"ఊకోవే అమ్మా! దుకాణం బంద్ జెయ్యాలని ధర్నాకు కూసున్నది నువ్వే గద. నీ దయతోనే గింత అగ్వకు దొరికింది. ఎండకాలమొస్తే బీరు ఖరాబైతది, జల్దీ తాగాలె."

ఆదివారానికొకటి తాగేవాడు ఇప్పుడు పూటకొకటి తాగుతున్నాడు.

నేను ఓపెనర్‌ను బావిలో పారేస్తే పళ్లతో మూతలు ఊడబీకుతున్నాడు. నిన్న పెదవి చీరుకుపోయి చొక్కా నిండా నెత్తురు.

వచ్చేటప్పుడు మేడ్చల్ బజారులో కొత్త ఓపెనర్ కొనుక్కురా. గట్టిది చూసి తీసుకో.

మీ అవ్వ