పదిహేడో నంబరు

కూతురు వినీత ఎల్లారెడ్డి కాలువలో కొట్టుకుపోయిన రోజు నుంచి గంగారాం సారు బడిలో హాజరు పిలుస్తూ పదిహేడో నంబరు దగ్గర ఆగి, ఆమె పేరు వదిలేసి పద్దెనిమిదికి పోతాడు. మనిషి దొరకలేదు. రిజిస్టర్‌లో పేరు కొట్టెయ్యలేదు.

అదే తరగతి సుష్మిత, మెడతాడు ముట్టుకుంటే చాలు, తప్పిపోయిన మేక ఎక్కడుందో చెబుతుంది. నాలుగు నెలలు ఊరుకుని, ఒక రాత్రి సారు ఆమెను ఇంటికి పిలిపించి, కాలువ గట్టున దొరికిన వినీత చెప్పు చేతిలో పెట్టాడు.

"ఎక్కడున్నది బిడ్డా?"

"మీ గేటు కాడనే సార్."

బయట కుక్కలు మొరగడం మానేశాయి. గూట్లో ఎండిన ఆ చెప్పు నుంచి ఇప్పుడు నీళ్లు కారుతున్నాయి.

"మరి లోపలికెందుకు వస్తలేదు?"

"మీరు పేరు పిలుస్తలేరంట. పిలిస్తెనే వస్తదంట."

గంగారాం సారు ఇంకా ఆ పేరు పిలవలేదు.