ఇంటికి చేరని పాఠం

డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు.

"ఎముక చక్కగా అతుక్కుంది. నెలాఖరుకి కర్ర కూడా అక్కర్లేదు. మామూలుగా నడిచేస్తుంది."

వీల్‌చెయిర్‌లో ఉన్న కూతురు రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చేసింది. తోడు వచ్చిన ఆడపడుచు, "గండం గట్టెక్కింది వదినా," అంది.

తల్లి నవ్వింది. కానీ డాక్టరు మాట విన్న క్షణంలో ఆమె గుండెలో రాయి పడింది. కన్నతల్లికి రావలసిన బుద్ధేనా ఇది అని తనమీద తనకే అసహ్యం వేసింది.

వానలు మొదలైనప్పుడు స్కూటరు జారి కూతురి తొడ ఎముక విరిగింది. ఆ తర్వాత కొద్ది రోజులకే తల్లి యూనివర్సిటీకి వెళ్ళడం మొదలుపెట్టింది. ల్యాండ్‌స్కేప్ డిజైన్, మొదటి సంవత్సరం. పగలంతా కూతుర్ని ఆడపడుచు కనిపెట్టుకుని ఉండేది.

ఇరుగుపొరుగు ఊరుకోరు కదా. పక్కింటావిడ మేడ మీద బట్టలు ఆరేస్తూ, "పిల్ల మంచంలో ఉంటే ఈవిడకి కాలేజీ కావలసొచ్చిందా," అని వినపడేలాగే అంది. మొదట్లో అయితే తల్లి దీటుగా బదులు చెప్పేదే. పక్కింటావిడ ఆ మాట అనే నాటికి ఆమె దగ్గర బదులు లేకపోయింది.

కాలేజీ గడప తొక్కేదాకా ఆమెకు తెలిసింది కుట్టుమిషను ఒక్కటే. తరగతిలో అందరూ ఇరవై దాటని పిల్లలు. హాజరు పిలిచినప్పుడు చెయ్యెత్తాలంటే సిగ్గు ముంచుకొచ్చేది. వెనక బల్ల దగ్గర ఒదిగి కూర్చునేది. ప్రొఫెసరు ఆమెకన్నా వయసులో చిన్నవాడే. రెండోరోజే పట్టుకున్నాడు.

"ఊరికే కూర్చుంటే బుర్రకెక్కదండీ. మీరూ పెన్సిల్ పట్టాలి."

పట్టింది.

నేల ఎత్తుపల్లాలను కాగితం మీద గీతలుగా చూపించడం తొలి పాఠం. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే ఏటవాలు, ఎడంగా ఉంటే చదును. పిల్లలు తలలు గోక్కున్నారు. ఆమెకు మాత్రం గౌను కుచ్చులు గుర్తొచ్చాయి. కుచ్చు ఒత్తుగా పెడితే గుడ్డ లేచి నిలబడుతుంది, ఎడంగా పెడితే పడుకుంటుంది. అంతే కదా అనుకుంది.

ఇంకోరోజు ప్రొఫెసరు అందరినీ వెనక ఖాళీ స్థలంలోకి తీసుకెళ్ళి, వాన పడితే నీళ్ళు ఎటు పోతాయో గీయమన్నాడు. అందరూ గీశాక బకెట్టుడు నీళ్ళు గుమ్మరించాడు. నీళ్ళు ఏ ఒక్కరి గీతనీ లెక్కచేయకుండా సైకిళ్ళ షెడ్డులోకి వెళ్ళిపోయాయి. పిల్లలతో కలిసి ఆమె కూడా కడుపు పట్టుకుని నవ్వింది. అలా నవ్వి ఎన్నేళ్ళయిందో. అంతలో మంచం మీద కాలు కదపలేని పిల్ల గుర్తొచ్చింది. చప్పున నవ్వు ఆపేసింది.

"మీ చేతిలో గీత ఉందండీ. వదలకండి," అన్నాడు ప్రొఫెసరు, ఆమె బొమ్మ చూస్తూ.

ఆ మాట ఆమె ఇంట్లో చెప్పలేదు.

సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి కూతురు దిండ్లకు ఆనుకుని గుమ్మం వైపే చూస్తూ ఉండేది.

"ఇవాళ ఏం చెప్పారమ్మా?"

తల్లి మంచం అంచున కూర్చుని అన్నీ చెప్పేది. ఏ చెట్టు నీడ మధ్యాహ్నం ఎటు పడుతుందో, గోడ ఎంత ఎత్తుంటే అవతల ఏముందో చూడాలనిపిస్తుందో, దుప్పటి మీద వేలితో గీసి మరీ చూపించేది. కూతురి కళ్ళు మెరిసేవి. ఆ కళ్ళలోకి చూడటం రానురాను కష్టమైంది.

ఒకరోజు పాఠం దారుల గురించి.

"తొందరపడి దారులు గీయకండి," అన్నాడు ప్రొఫెసరు. "ముందు గడ్డి వేసి వదిలేయండి. జనం నడవగా నడవగా గడ్డి ఎక్కడ చచ్చిపోతుందో అక్కడ రాళ్ళు పరవండి. మనుషులు ఎటు వెళ్ళాలనుకుంటున్నారో నేలే చెప్తుంది."

బస్సులో ఆమె ఆ మాటనే నెమరేసుకుంది. దిగాల్సిన చోటు దాటిపోయింది. వెనక్కి నడుస్తుంటే ఆ పాఠం ఎవరికీ ఇవ్వకుండా దాచుకోవాలనిపించింది.

"ఇవాళ ఏం చెప్పారమ్మా?"

"ఏం లేదు తల్లీ. క్లాసు జరగలేదు."

కూతురు మొహం వాడిపోయింది. తల్లికి పిల్ల చేతిలోని పండు లాక్కుని తిన్నట్టనిపించింది.

ఎక్స్‌రే చూపించి వచ్చాక కూతురు నడక మొదలుపెట్టింది. ముందు గోడ పట్టుకుని, తర్వాత కర్రతో. ఆడపడుచు వెనకే ఉండి, "శభాష్" అంటూ హుషారు చేసేది. తల్లి తలుపు పక్కన నిలబడి చూసేది.

ఒకసారి కూతురి అడుగు తడబడింది. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణమే, తల్లికి ఊపిరి తేలికైంది. ఆ వెంటనే ఉలిక్కిపడి పరుగెత్తుకెళ్ళి పట్టుకుంది.

"నేను పడలేదుగా అమ్మా, ఎందుకంత గట్టిగా పట్టుకున్నావు?"

తల్లి కింద కూర్చుని, చెమట పట్టిన కూతురి పాదాలు చీర కొంగుతో తుడిచింది.

"ఛీ, కాళ్ళు పట్టుకుంటావేంటమ్మా," అని కూతురు నవ్వింది.

నెలాఖరున కూతురు కర్ర మూలన పడేసి, పడకగది నుంచి వంటింటి దాకా ఒక్కతే నడిచి వచ్చింది. గిన్నెలు తోముతున్న తల్లిని వెనక నుంచి వాటేసుకుని, భుజం మీద గడ్డం ఆనించింది.

"అమ్మా, ఇన్నాళ్ళూ నా సీట్లో నా బదులు కూర్చుని, నీకిష్టం లేకపోయినా నా పాఠాలన్నీ మోసుకొచ్చావు పాపం, రేపట్నుంచి నా క్లాసుకి నేనే వెళ్తాను, నువ్వింక హాయిగా ఇంట్లో ఉండు."