దిగేదాకా నవ్వాలి

"ఎక్కేశాడు!"

బేస్ క్యాంపు మేనేజరు ఫోన్లో అరిచిన అరుపు ఇల్లంతా వినబడింది. "రెండు రోజులుగా ఒకటే గాలి. ఇవాళే తెరిపిచ్చింది. ఇప్పుడు శిఖరం మీదే ఉన్నాడు. కాసేపట్లో శాటిలైట్ ఫోను నుంచి తనే చేస్తాడు. క్లుప్తంగా మాట్లాడండి, బ్యాటరీ తక్కువ."

ఇంటినిండా జనం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆయాసపడుతూ ఎక్కొచ్చిన బంధువులు, పక్కవాటాల వాళ్ళు అద్దె కుర్చీల్లోంచి ఒక్కసారిగా తలలెత్తారు. నిన్నటినుంచీ ఆ ఇంట్లో ఎవరి గొంతులోకీ ముద్ద దిగలేదు. అతని భార్య కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

పెళ్ళయి ఐదు నెలలు. అందులో అతను ఇంట్లో ఉన్నది మూడే. ఆ మూడు నెలలూ ఆమె నేలమీద నడవలేదు. బజారు నుంచి వస్తే కింది మెట్టు దగ్గరే కూరల సంచి లాక్కునేవాడు. రెండో అంతస్తు మలుపులో ఆగి, "ఇది ఒకటో క్యాంపు. ఇక్కడ ఆక్సిజన్ తక్కువ, భార్య చెయ్యి పట్టుకోకపోతే కష్టం" అనేవాడు. కాఫీ ఆమె కప్పులోంచే తాగేవాడు. పేరుపెట్టి పిలవడం ఎప్పుడో మానేశాడు. "బేస్ క్యాంపూ!" అని కేకేసేవాడు, గుమ్మంలోంచే.

ఇరవై రెండేళ్ళప్పుడు ఎవరివో బూట్లు అడిగి తెచ్చుకుని మొదటి కొండ ఎక్కాడట. అప్పట్నుంచీ ఖండానికొకటి చొప్పున ఎక్కుతూనే ఉన్నాడు. ఇది ఆఖరుది, అన్నిటికంటే ఎత్తయినది. ఎక్కిన ప్రతి శిఖరం నుంచీ ఒక రాయి తెచ్చి వాళ్ళమ్మ చేతిలో పెట్టేవాడు. అత్తగారు వాటిని అద్దాల బీరువాలో దాచలేదు. ఒకటి వంటింటి తలుపు కొట్టుకోకుండా, ఒకటి పాలగిన్నె మూత మీద, ఒకటి కుంటి బల్ల కోడు కింద. "ప్రపంచమంతా చూసొచ్చిన రాళ్ళయితే మాత్రం, మా ఇంట్లో ఊరికే కూర్చుంటామంటే ఎలా?" అనేవారు. మంచుకి అతని కాలివేళ్ళు రెండు పోయినప్పుడు కూడా, మంచం పక్కన కూర్చుని సాక్సులు అల్లుతూ, "పోన్లేరా, నాకు ఊలు కలిసొచ్చింది" అన్నారట. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, చాలాసేపు గిన్నెలు తోముతూ ఉండిపోయారట.

కొత్త కోడలికి మొదటి వారంలోనే ఆవిడ ఇంటి నియమం చెప్పారు.

"ఎక్కేటప్పుడు వాడికేం కాదమ్మా. భయమంతా దిగేటప్పుడే. కాళ్ళు కొండమీద ఉంటాయి, మనసు ఇంటికొచ్చేస్తుంది. వాడి నేస్తం ఒకడు అలాగే జారిపోయాడు, పైనుంచి ఫోన్లో పెళ్ళాంతో పోట్లాడి. అందుకని ఇక్కడ కొంపలంటుకున్నా సరే, వాడు దిగేదాకా మనం నవ్వాలి."

ఆమె చన్నీళ్ళతో మొహం కడుక్కుని లోపలి గదిలో కూర్చుంది. తన సెల్లు ఒళ్ళో పెట్టుకుంది. మామగారు వెళ్ళి మోటారు స్విచ్చి కట్టేశారు.

"ఆ చప్పుడు వింటే ఏమిటని అడుగుతాడు," అన్నారు. జనం వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టుకున్నారు.

ఆయన ఫోను మోగింది. ఆమె ఎత్తి "హలో" అంది.

"హలో, బేస్ క్యాంపూ!" వెనక గాలి హోరు. మాటకీ మాటకీ మధ్య రొప్పు. "ఎక్కేశా!"

"విన్నాం సార్. అక్కడైనా లిఫ్టు ఉందా?"

అతను నవ్వబోయి దగ్గాడు. "గొంతేంటి అలా ఉంది? ఏడ్చావా?"

"జలుబు. మంచులో నువ్వుంటే ముక్కు నాది కారుతోంది."

"అమ్మేదీ? అమ్మకివ్వు, తొందరగా."

ఆమె ఒళ్ళోకి చూసుకుంది. "ఇదిగో."

అత్తగారి గొంతు ఎప్పట్లాగే ఖంగుమంది. "ఏరా, ఎక్కేశావా? ఎక్కుతావని నాకు తెలుసు. సంబరం చాలు, ఇక దిగు. కింద చూసి అడుగెయ్యి. తడి సాక్సులతో పడుకోకు. ఇంటి గురించి బెంగపెట్టుకోకు, కోడలు గట్టిది. ఉంటాను నాన్నా."

"అమ్మా, ఆగాగు! ఇక్కణ్ణుంచి ఏం కనబడుతోందో చెబుతా, విను..."

జవాబు లేదు. అతను పకపకా నవ్వాడు.

"చూశావా! ఎప్పుడూ ఇంతే. తను చెప్పేది చెప్పేసి ఫోను నీ చేతిలో పెట్టేస్తుంది. ఎదుటివాడిది వింటేగా! సరే, రాయి తీసుకున్నా. నున్నగా, కోడిగుడ్డంత ఉంది. ఈసారి ఎక్కడ పెడుతుందో అడుగు."

ఆమె తలుపులోంచి ముందు గది వైపు చూసింది.

"ఇది ఎక్కడా పెట్టరట. తన దగ్గరే ఉంచుకుంటారట."

"అబ్బో! ఇన్నాళ్ళకి నా రాళ్ళ విలువ తెలిసిందన్నమాట!"

"తెలిసింది. నువ్వు జాగ్రత్తగా దిగు." ఆమె నవ్వుతూనే అంది. "మిగతావన్నీ దిగాక మాట్లాడుకుందాం."

లైను తెగింది.

అప్పటిదాకా ఊపిరి బిగబట్టిన ఇల్లు ఒక్కసారిగా భోరుమంది. ఆమె కుర్చీలోంచి నేలమీదికి జారిపోయి, కొంగు నోట్లో కుక్కుకుంది. మామగారు మాత్రం ఏడవలేదు. మెల్లగా నడిచివెళ్ళి స్విచ్చి వేశారు. ముందు గదిలో మోటారు మళ్ళీ గుయ్యిమంది. తిరిగొచ్చి, కోడలి పక్కన నేలమీదే కూర్చుని, ఆమె తల మీద చెయ్యి వేశారు.

"ఆసుపత్రిలో మీ అత్తయ్య మాట్లాడి పెట్టిన ఆ రికార్డింగు చెరిపెయ్యకమ్మా," అన్నారు, "వాడు దిగొచ్చేదాకా తనని ఆ ఐసు పెట్టెలో ఉంచలేం, రేపు పొద్దున్నే తీసుకెళ్ళిపోదాం."