వాన పడని రిసార్టు

సత్తెనపల్లిలో ట్రావెల్ ఆఫీసు నడిపే నజ్మీన్, మిర్చి రైతు యలమందయ్యకు రెండు ఫొటోలు చూపించింది. రెండూ రాజస్థాన్ ఎడారిలోని ఖరీదైన రిసార్టులే.

"మొదటిది తీసుకోండి. స్విమ్మింగ్ పూల్ ఉంది. సాయంత్రం రెయిన్ డాన్స్, పైపుల్తో వాన కురిపిస్తారు."

"రెండోదాంట్లో?"

"ఇసక, డేరా, మంచం. ఇంకేమీ ఉండదండీ. అందుకే రేటెక్కువ."

"వాన కురిపించరుగా?"

"లేదండీ."

"మామూలు వాన?"

"ఈ నెలలో అక్కడ పడదండీ."

"అయితే రెండోదే రాయమ్మా."

నజ్మీన్ నచ్చజెప్పబోయింది. "ఆడవాళ్లకి మొదటిదే నచ్చుతుందండీ. అమ్మగారిని కూడా ఒక మాట అడగండి."

"లేదమ్మా. నేనొక్కణ్ణే."

ఆయన ఫొటో వైపే చూస్తూ చెప్పాడు. "కిందటేడు కల్లంలో కాయలు ఆరబోశాం. మబ్బు పట్టింది. పట్టా కప్పుదామని మా ఆవిడ నాకంటే ముందే పరిగెత్తింది. పిడుగు పడింది. అప్పట్నుంచి మబ్బు పడితే చాలు, నాకు కంటిమీద కునుకుండదు."

నజ్మీన్ మొదటి ఫొటో తీసేసింది. "ఎన్ని రోజులకి రాయమంటారు?" అని మెల్లగా అడిగింది.

"ముందు ఒక్క రాత్రికి రాయమ్మా. నిద్ర పడితే ఫోన్ చేస్తా."