గాలిలో గుద్దులు

మంచం మీదున్నవాడి నోట్లో గొట్టం. వాడి బదులు పక్కన మిషను ఊపిరి తీస్తోంది. ఇరవై మూడేళ్ల లిఫ్టు మెకానిక్. వేళ్ల సందుల్లో గ్రీజు నలుపు ఇంకా పోలేదు.

మాస్టారు స్టూలు మీద కూర్చుని ఆ వేళ్లకేసే చూస్తున్నాడు. మొహంలోకి చూసే ధైర్యం లేదు. ముప్పై ఏళ్లుగా పాత యుద్ధవిద్య నేర్పుతున్న మనిషి, ఈ మూడు రోజుల్లోనే ముసలివాడైపోయాడు.

"మెదడుకి కాసేపు రక్తం అందలేదు. రేపటిలోగా కళ్లు తెరిస్తే అదృష్టం. తెరవకపోతే..." డాక్టరమ్మ మిగతాది మింగేసి వెళ్లిపోయింది.

నర్సు వచ్చి, "మీరు పేషెంటుకి ఏమవుతారు?" అంది.



"మాస్టారు!" అంది గోడకానుకుని నిలబడ్డ తల్లి, ఆ మాటని ఉమ్మేసినట్టు.

ఆయన లేచి తన స్టూలు చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఇప్పుడు కడుపు చల్లబడిందా మాస్టారూ? వీధిలో ఎవరి విద్య పనికొస్తుందో తేలిపోయిందిగా!"

మాస్టారి నోటికి తాళం పడింది. ఆ తాళమేదో పోయిన వారమే పడుంటే ఎంత బాగుండేది!

మంచానికి అవతల కోచ్ కూర్చున్నాడు. ఎర్రబడ్డ కళ్లు, మాసిన గడ్డం. ఇద్దరిదీ ఒకే అద్దె మేడ. పైన మాస్టారి బడి. కింద కోచ్ మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ హాలు, మధ్యలో ఇనుప వల బోను. నాలుగేళ్లుగా పాముకీ ముంగిసకీ ఉన్నంత స్నేహం. ఆ బోనుని మాస్టారు "కోళ్ల గూడు" అనేవాడు. మాస్టారిని కోచ్ "గాలి గురువు" అనేవాడు. అసలైన కొట్లాటలో ఎవరి విద్య నిలుస్తుందని రోజూ ఒకటే వాదన. ఏ యుద్ధానికి పోయి వచ్చారని ఈ ఇద్దరూ!

పోయిన శనివారం టీ కొట్టు దగ్గర, ఇద్దరి శిష్యులూ చుట్టూ ఉండగా, మళ్లీ రాజుకుంది.

"గాలిలో గుద్దులు, కొయ్యదిమ్మకి పట్లు! బతికున్న మనిషి మీద ఒక్కసారన్నా చెయ్యి వేయించారా పెద్దాయనా?" అన్నాడు కోచ్.

"సర్లే. నీ దగ్గర మొదటి రోజు పాఠం ఏంటోయ్?"

"చేత్తో నేల తట్టడం. తట్టాడంటే ఇక చాలని. అవతలివాడు ఆ క్షణమే వదిలెయ్యాలి."

"విన్నారా! మొదటి రోజే ఓడిపోవడం నేర్పుతున్నాడు!" మాస్టారు తొడ చరుచుకుని నవ్వాడు. అక్కడితో ఊరుకుంటే గొడవే లేదు. పక్కనే ఉన్న తన శిష్యుడి వీపు మీద ఒక్కటి వేసి, అందరికీ వినపడేలా అన్నాడు. "మాటలెందుకురా? రేపు ఇతని శిష్యుల్లో ఒకడితో తేల్చుకో పో. వీధిలో రిఫరీ ఉండడని చూపించు."

ఆదివారం మధ్యాహ్నం, పార్కింగ్ షెడ్డు వెనక, తేలిపోయింది. నిమిషన్నర. అంతే. ఒకడి మెడ రెండోవాడి పట్టులో చిక్కింది.

ఆ సాయంత్రమే మాస్టారు బడి బోర్డు విప్పేశాడు. భార్య ఒకే ఒక్క మాట అంది. "మీ గొప్పకి ఎవరో కన్న పిల్లాణ్ణి బలిపెట్టారు."

తల్లి మొహం కడుక్కోడానికి బయటికెళ్లింది. కోచ్ గొంతు సవరించుకున్నాడు.

"నాదీ తప్పే పెద్దాయనా. రెచ్చగొట్టింది నేను. ఆపాల్సిన రోజున హాలుకి తాళం వేసుకుని ఇంట్లో పడుకున్నాను."

"నువ్వు ఊరుకోవయ్యా. పంపింది నేను. సరిగ్గా నేర్పకుండా పంపింది నేను."

"పన్నెండేళ్లు నేర్పారుగా!"

"నేర్పాను. సగమే నేర్పాను."

మిషను ఊపిరి తీసింది. వదిలింది. మాస్టారు మొదటిసారి మంచం మీది చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. అరచెయ్యి కమిలిపోయి ఉంది, సిమెంటు నేల గీరుకుని. ఆ గీతల మీద బొటనవేలితో మెల్లగా నిమిరాడు.

"చూసినవాళ్లు చెప్పారు బాబూ," అన్నాడు, "నీ శిష్యుడు ఈ చేత్తోనే మూడుసార్లు నేల తట్టాడట... నావాడు ఆ పట్టు నేర్చుకున్నది కొయ్యదిమ్మ మీద, దిమ్మ ఏనాడూ తట్టలేదు, తడితే వదిలెయ్యాలని వాడికి నేనేనాడూ చెప్పలేదు."